ఆరుగురికి అయిదు ముద్దలు

అమ్మే ముందు ఒక మాట చెప్పడం మర్యాద కాబట్టి చెప్తున్నానని సంజీవయ్య సారు అన్నారు. ఆయన ఏ పనీ మర్యాద తప్పి చేయరు. పఠన మందిరంలో తూర్పు గోడకున్న బీరువాను ముందుగా ఖాళీ చేయించి, అందులోని డిటెక్టివ్ నవలలు, థ్రిల్లర్లు, మాయాలోకాల కథలు అన్నిటినీ రెండు యూరియా సంచుల్లోకి కుక్కించి, మూతులు పురికొసతో బిగించి, ఆ తర్వాతే చెప్పారు.

జయలక్ష్మి ఆ రోజు ఒక నవల తిరిగివ్వడానికి వచ్చింది. సంచుల్ని చూసి, చేతిలో పుస్తకాన్ని మెల్లగా కొంగు కిందికి జరుపుకుంది. ఒక్కటైనా బతికిపోతుంది.

"సోమవారం దస్తగిరి తక్కెడ తీసుకోని వస్తాడమ్మా. పాత పేపర్లతో పాటు ఇవీ ఎత్తుకపోతాడు" అన్నారు సారు.

బీరువా ఖాళీ చేయించడానికి కారణం కింద నేల మీద ఉంది. కొత్త అట్టపెట్టెలు. వాటి నిండా సంజీవయ్య సారు రాసి, అచ్చు వేయించిన ఏకైక నవల 'ఓర్పు దీపం'. ప్రతులు ఇన్నాళ్లూ జమ్మలమడుగులో ఆయన ఇంట్లో, చెనిక్కాయల మూటలుండే గదిలో ఉండేవి. ఈ ఏడు ఆ గదిలో మూటలైనా ఉండాలి, నవలైనా ఉండాలి అని ఆయన భార్య తిరుపాలమ్మ తేల్చి చెప్పింది. మూటలకు గిరాకీ ఉంది. అందుకని నవల బస్సెక్కి ప్రొద్దుటూరు వచ్చింది. సారు రిటైరైన హెడ్మాస్టరు, పఠన మందిరానికి అధ్యక్షుడు. బీరువా ఎవరికివ్వాలో అధ్యక్షుడికి కాక ఇంకెవరికి తెలుస్తుంది?

"ఈ పుస్తకాలు ఎవురు చదువుతాండారమ్మా అసలు?"

"నేను సార్."

"మీరు గాకుండా?"

"మా ఎదురింటి షాహీదాబీ. పులివెందుల నుంచి వచ్చినప్పుడు మా చెల్లెలు కవిత. మందుల షాపు రామాంజులు."

"రామాంజులు చదవనని చెప్పినాడే?"

"పేపరు మధ్యలో పెట్టుకోని చదువుతాడు సార్. పేపరు అంతసేపు ఎవురు చదువుతారు?"

సారు నవ్వారు. ఆయనకు నవ్వడం వచ్చు. చెడ్డవాడైతే జయలక్ష్మికి పని సులువయ్యేది.

"జీవితం యాడుందమ్మా దీంట్లో? ఒకడు పొడుస్తాడు. ఇంగొకడు పట్టుకుంటాడు. మాయలు, మంత్రాలు, రెక్కల గుర్రాలు. కాలక్షేపం తప్ప ఏముంది?"

"మీరు ఒకటన్నా చదివినారా సార్?"

"వాసన చూస్తే తెలీదా?"

"వాసన చూస్తే ఉప్పు తెలీదు సార్."

 సారు అట్టపెట్టెలోంచి ఒక 'ఓర్పు దీపం' తీసి, అంచుల దుమ్ము తుడిచి, రెండు చేతులా ఇచ్చారు.

"ఆదివారం ఈ పుస్తకం మీద సభ. మాట్లాడేటోళ్లంతా మొగోళ్లే. ఇది మా అక్క కథ. ఒక ఆడకూతురు మాట్లాడితే నిండుగా ఉంటాది. అయిదు నిమిషాలు మాట్లాడండి."

"మాట్లాడితే సంచులు విప్పుతారా?"

"మంచి నవల మనసు పెట్టి చదివినంక గూడా ఆ సంచుల్లోది మీకు కావాలనిపిస్తే, ఎందుకు కావాల్నో సభలోనే చెప్పండి. నాకు నచ్చజెప్పగలిగితే బీరువా మీదే. లేదంటే దస్తగిరిది."

జయలక్ష్మి సరేనంది. మైకులో మాట్లాడటం ఆమెకు కొత్త. బేరం ఆడటం కొత్త కాదు.

షాహీదాబీ జాకెట్లు కుడుతుంది. మధ్యాహ్నం పూట ఆమె వసారాలో నీడ ఉంటుంది కాబట్టి జయలక్ష్మి చాటా, చెనిక్కాయల బుట్టా పట్టుకుని అక్కడికే పోతుంది. ఒకరు కుడుతుంటే ఒకరు ఒలుస్తారు. నోళ్లు రెండూ ఖాళీగానే ఉంటాయి కాబట్టి ఆ వసారాలో ఇన్నేళ్లలో చాలామంది హంతకులు దొరికిపోయారు.

ఇద్దరి అభిరుచులూ వేరు. షాహీదాబీకి థ్రిల్లర్ కావాలి. బాంబు పెట్టి ఉండాలి, గడియారం కొట్టుకుంటూ ఉండాలి. మిషను తొక్కుతూ విన్నా కథ దారం తెగకూడదు. కవితకు మాయాలోకాలు. ఆకాశంలో రెండు చందమామలుంటే తప్ప ఆమె పుస్తకం తెరవదు. జయలక్ష్మి కవిత కోసం అవీ చదివింది. ఆమె ఫిర్యాదు ఒక్కటే. రెండు చందమామల లోకంలో కూడా వంట ఆడవాళ్లే చేస్తున్నారు. గుర్రానికి రెక్కలు మొలిపించినవాడు గిన్నెలు తోమడానికి ఒక మంత్రం రాయలేకపోయాడా? థ్రిల్లర్ల మీదా ఆమెకు ఒక మాటుంది. మూడు రోజులు పరిగెత్తిన హీరో ఎక్కడా ఒక ఇడ్లీ తినడు. లోకాన్ని కాపాడినా కాపాడకపోయినా, అంత ఖాళీ కడుపుతో ఎవరూ అన్ని మెట్లు ఎక్కలేరు.

మిస్టరీ ఒక్కటే ఆమెకు సొంత ఇల్లులా ఉంటుంది. అందులో ధర్మం చిన్నది. పెట్టినచోట వస్తువు లేకపోతే ఎవరో ఒకరు అడుగుతారు. గ్లాసు ఇక్కడెందుకుంది, చెప్పు అక్కడెందుకుంది, నిన్న మిగలాల్సిన పాలు ఏమయ్యాయి? ఇల్లు నడిపే మనిషి రోజంతా చూసేవి అవే. ఇంట్లో అడిగితే సణుగుడు అంటారు. పుస్తకంలో అడిగితే పరిశోధన అంటారు.

"ఏందక్కా, పుస్తకం అంత లావుంది? ఎవురు సస్తారు?" అంది షాహీదాబీ, సూదిలో దారం ఎక్కిస్తూ.

"శాంతమ్మ. అక్క. కడాకు సస్తాది."

"ముందే చెప్తే ఎట్ల?"

"నేను గాదు, ముందుమాటలో ఆయనే చెప్పేసినాడు. మొదటి పేజీలో తమ్ముడు దండం పెడతాడు, కడా పేజీలో ఓర్పు దీపం ఆరిపోతాది."

"దేంతో సస్తాది?"

"ఓర్పుతో."

"అదేం జబ్బు?"

జయలక్ష్మి చదువుతూ పోయింది. కథ పెన్న ఒడ్డున ఒక పల్లెలో, గొర్రెలు కాచుకునే ఇంట్లో. తల్లి లేదు. నాయన, అవ్వ, ఇద్దరు పెద్ద కొడుకులు, బడికి పోయే చిన్నోడు. అందరికీ వండిపెట్టే అక్క శాంతమ్మ. సారు చెడ్డగా రాయలేదు. గొర్రెల మంద పెన్నలోకి దిగడం, ఇసుకలో చెలమ తవ్వి నీళ్లు తోడటం చదువుతుంటే చేతికి తడి తగిలినట్టే ఉంది. మనుషులు మాట్లాడటం మొదలుపెట్టగానే అందరూ హెడ్మాస్టర్లయిపోతారు, అంతే.

ఆమె ఒక పేరా పైకి చదివింది. "'శాంతమ్మ చేతులు తడుపుకొని, పొగలు కక్కే రాగిసంగటిని అయిదు ముద్దలుగా చేసి పళ్లెంలో వరసగా పెట్టింది. అవి అయిదు చందమామల్లా మెరిశాయి.'"

"రాగిసంగటి నల్లగుంటాది గదక్కా. అమాస చందమామలేమో" అంది షాహీదాబీ.

జయలక్ష్మి నవ్వి పేజీ తిప్పింది. తిప్పిన పేజీ మళ్లీ వెనక్కి తిప్పింది. వేళ్లు మడిచి చూసుకుంది. నాయన, అవ్వ, పెద్దోడు, నడిపోడు, చిన్నోడు. అక్కడికే అయిదు.

సంగటి చేసే ఏ ఇంట్లోనూ ఆ లెక్క తప్పదు. అన్నమైతే గిన్నెలో కొంచెం అటూఇటూ అవుతుంది. ముద్ద అలా కాదు. మనిషికొకటి. చేతులు తడుపుకునేటప్పుడే ఎవరెవరు తినాలో తలలు లెక్క వేసుకుంటారు.

"రాసినోడు మర్చిపోయింటాడులే" అంది షాహీదాబీ.

జయలక్ష్మి కూడా అలాగే అనుకుంది. కానీ అలవాటు ఊరుకోదు. ముందుకుపోయింది. ఇంకోచోట జొన్నరొట్టెలు. అయిదే. పండగనాడు ఓళిగలు. అందరికీ నెయ్యి వేసి వడ్డించి, శాంతమ్మ గడప కడుగుతోంది. గొర్రె కోసిన రోజు అవ్వకు మెత్తటి ముక్కలు ఏరి పెట్టి, శాంతమ్మ రోలు తుడుస్తోంది. ఆ పుస్తకంలో ఆమె నవ్వింది, మొక్కింది, కన్నీళ్లు తుడుచుకుంది, నీళ్లు తాగింది. తినడం ఎక్కడా లేదు. సగం దాటాక ఆమెకు కళ్లు తిరుగుతాయి. గోళ్లు తెల్లబడతాయి. చెలమ దగ్గర బిందె ఎత్తలేక కూలబడుతుంది. సారు దానికి 'త్యాగభారం' అని పేరు పెట్టారు.

"షాహీదా, ఇది మిస్టరీ" అంది జయలక్ష్మి.

మిషను ఆగింది.

ఆ మధ్యాహ్నమంతా ఇద్దరికీ పండగే. అనుమానితుల్ని ఒక్కొక్కరినే లేపారు. నాయన మీద షాహీదాబీకి మొదటినుంచీ అనుమానం. అవ్వ మీద జయలక్ష్మికి. ముద్దలు చెయ్యమని గింజలు కొలిచి పోసేది అవ్వే. కానీ జయలక్ష్మి మనసు ఒప్పుకోలేదు. వండే మనిషికి చివరకు ఏదో ఒకటి మిగులుతుంది. కుండ అడుగున అంటుకున్న మాడు ఉంటుంది. నీళ్లు చిలకరించి గోక్కుంటే సగం కడుపైనా నిండుతుంది. మరి ఆ మాడు ఏమైంది?

అది పుస్తకం లోపల వెతకాల్సిన పని లేకపోయింది. వెనక అట్ట మీదే ఉంది, సారు ఫోటో కింద, పెద్ద అక్షరాల్లో. సభల్లో ఆయన కళ్లు మూసుకుని అప్పగించే పేరా అది.

'బడి నుంచి వచ్చి ఆకలని ఏడిస్తే, అక్క రోజూ కుండ అడుగు గోకి నా చేతిలో పెట్టేది. అక్క చేతి మాడు అమృతం. నేను తింటుంటే అక్క నవ్వుతూ చూసేది.'

జయలక్ష్మి చేతిలోని చెనిక్కాయ ఒలవకుండానే చాటలో పడింది.

"ఎవురక్కా?"

"చిన్నోడు."

"ఆయప్పేనా? మన సారా? యా అల్లా." షాహీదాబీ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. కాసేపటికి చెయ్యి తీసింది. "చెప్పేయక్కా మైకులో. మన పుస్తకాలు తూకానికేస్తాండాడు గదా. థ్రిల్లరంటే అట్లుండాల. ఆయప్ప ఫోటో కిందనే ఉందంటే సభంతా లేచి నిలబడతాది."

"లేస్తాది" అంది జయలక్ష్మి.

"మల్ల ఏంది అట్ల కూచున్నావు?"

"పదేండ్ల పిల్లోడే."

"ఇప్పుడు డెబ్బయ్యేండ్లోడు గదా."

ఆ సాయంత్రం భర్త అనంతకృష్ణకు కాఫీ ఇస్తూ విషయం చెప్పింది. ఆయన తాలూకాఫీసులో గుమాస్తా. దేన్నైనా ముందు ఎవరికి పంపాలో ఆలోచిస్తాడు.

"మా పై ఆఫీసరుకు చదువు చెప్పిన సారు ఆయన. నీకెందుకు వచ్చిన గొడవ? రెండు మంచి మాటలు చెప్పి కూచో" అన్నాడు.

"పుస్తకాలు పోతాయి."

"ఫోన్లో చదువుకో."

"ఫోను చెనిక్కాయల చాటలో పెట్టలేను" అంది.

ఆదివారం సభకు ఎప్పటికంటే ఎక్కువ మంది వచ్చారు. పెసరపునుగులు ఉన్నాయని కబురు పోయింది. యూరియా సంచులు రెండూ వేదిక పక్కనే, గోడకు ఆనుకుని ఉన్నాయి. సారు తెల్లపంచె కట్టుకుని, ముందు బల్ల మీద గంట పెట్టుకుని కూర్చున్నారు. ఎవరికైనా అయిదు నిమిషాలే. జయలక్ష్మి కంటే ముందు మాట్లాడిన ఇద్దరూ శాంతమ్మను భూదేవితో పోల్చారు. ఇద్దరికీ గంట మోగింది. వెనక వరసలో రామాంజులు పేపరు చదువుతున్నాడు. పేపరు లావుగా ఉంది.

జయలక్ష్మి మైకు ముందు నిలబడి కొంగు సర్దుకుంది.

"అందరికీ నమస్కారం. సారు ఇది మంచి సాంఘిక నవల అన్నారు. నేను చదివినా. నాకైతే ఇది హత్య కథ."

పేపరు మడత పడింది.

ఆమె తొందరపడలేదు. షాహీదాబీకి చెప్పినట్టే చెప్పింది. పొయ్యి, కుండ, తడిపిన చేతులు, పళ్లెంలో వరసగా అయిదు ముద్దలు. "ఇంట్లో ఎంతమందో మీరే లెక్కేసుకోండి" అని ఆగింది. ఆడవాళ్ల వరసలో వేళ్లు మడుచుకున్నాయి. "ఆరుగురు గదా" అని ఎవరో అన్నారు. "ఆయమ్మ ముద్ద యాడ?" అని ఇంకొకరు. జొన్నరొట్టెలు, ఓళిగలు, గొర్రె మాంసం. ఒక్కొక్కటీ తీసి బల్ల మీద పెట్టింది. తెల్లబడిన గోళ్లు. ఎత్తలేని బిందె. ఇంతకు ముందు భూదేవితో పోల్చిన పెద్దమనిషి తన ప్రతిలో పేజీలు తిప్పి చూసుకుంటున్నాడు.

"అవ్వే! గింజలు కొలిచేది ఆమే" అన్నాడు రామాంజులు, లేచి నిలబడి.

"నాయన. ఇంటి పెద్దకు తెలీకుండా ఉంటాదా?"

"కూచోండప్పా, ఆయమ్మను చెప్పనీండి!"

అయిదు నిమిషాలు ఎప్పుడో అయిపోయాయి. గంట మోగలేదు. జయలక్ష్మి పక్కకు చూసింది. సారు గంట మీద చెయ్యి పెట్టి మర్చిపోయారు. కుర్చీ అంచుకు జరిగి, నోరు కొంచెం తెరిచి, రెప్ప వేయకుండా ఆమెనే చూస్తున్నారు. ఆ నవల తానే రాశానన్న సంగతి ఆయనకు గుర్తున్నట్టు లేదు.

"అవ్వనా అమ్మా?" అన్నారు ఆయన, మెల్లగా.

పుస్తకం ఆమె చేతిలోనే ఉంది. వెనక్కి తిప్పి అట్ట చూపిస్తే చాలు. ఇన్నేళ్లుగా ఆమె చదివిన ప్రతి పుస్తకంలోనూ ఆ చివరి తిప్పు కోసమే పొయ్యి మీద కూర మాడ్చుకుంది. షాహీదాబీ ముందు వరసలో కూర్చుని, తిప్పమని కళ్లతోనే చెప్తోంది.

జయలక్ష్మి పుస్తకాన్ని బల్ల మీద పెట్టింది, వెనక అట్ట కిందికి వచ్చేలా.

"హంతకుని పేరు చెప్పేది పరిచయం చేసేటోళ్ల పని గాదు సార్. ఈ మాట సంచుల్లో ఉండే పుస్తకాలు చదివినోళ్లందరికీ తెలుసు. ఎవురో అందరూ చదివి తెలుసుకోండి. ఇంగొక మాట. ఈ పుస్తకం నేను మీరు చెప్పినట్టే, ఓర్పు కథ అనుకోని చదివింటే ఏడ్చి పక్కన పెట్టిందును. ఆరో ముద్ద యాడ అని అడగడం నాకు మంచి నవలలు నేర్పలేదు. ఆ సంచుల్లోవి నేర్పినాయి. ఎందుకు కావాల్నో అడిగినారు గదా, అందుకు కావాల."

కూర్చుంది. చప్పట్లకు ముందే గోల మొదలైంది. పెసరపునుగుల దగ్గర కంటే అట్టపెట్టెల దగ్గర తోపులాట ఎక్కువైంది. ఎవరికి వాళ్లు ఒక 'ఓర్పు దీపం' లాక్కుంటున్నారు. "కడా పేజీ సూడొద్దు, ఒట్టు" అని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. నవల అచ్చయ్యాక ప్రతులు అలా పోవడం అదే మొదలు. సారు మాత్రం కుర్చీలోంచి లేవలేదు. అందరూ పోయాక ఆయన కూడా ఒక ప్రతి చేతిసంచిలో వేసుకుని జమ్మలమడుగు బస్సెక్కారని రామాంజులు చెప్పాడు.

"ఎందుకు చెప్పలేదక్కా?" అని షాహీదాబీ ఇంటిదారి పొడుగునా సాధించింది. "దారం పెట్టి, కుట్టకుండా వదిలేసినట్టుంది నాకు."

"ఆయన మొహం సూసినావా?"

"సూసినా. దానికేమి?"

"హంతకుడు ఎవురో తెలుసుకోవాలని అంత ఆశగా ఉన్న మనిషికి, నువ్వే అని ఎట్ల చెప్తావు, మైకులో?"

 మలుపు తిరిగాక షాహీదాబీ, "మల్ల పుస్తకాలు?" అంది.

"చూద్దాం" అంది జయలక్ష్మి. మనసులో మాత్రం సంచులు అప్పటికే తక్కెడ ఎక్కాయి.

సోమవారం ఆమె పోయేసరికి పఠన మందిరం వాకిట్లో దస్తగిరి బండి ఉంది. తక్కెడ దించి, పాత పేపర్ల కట్టలు తూస్తున్నాడు. లోపల సంజీవయ్య సారు ఒక్కరే బల్ల దగ్గర కూర్చున్నారు. మొదటి బస్సుకే వచ్చినట్టున్నారు. గడ్డం గీసుకోలేదు. ముందు 'ఓర్పు దీపం' బోర్లా పెట్టుకుని, వెనక అట్ట మీది తన ఫోటోపై చెయ్యి ఆనించారు.

"కూచోండమ్మా" అన్నారు.

ఆమె కూర్చుంది.

"నేను రాసినప్పుడు చదవలేదమ్మా. రాసినా, అంతే. నిన్ననే చదివినా." ఆయన అట్ట మీద చెయ్యి తీశారు. "అవ్వ అనుకున్నా. శానాసేపు అవ్వే అనుకున్నా. పేజీలన్నీ వెతికినా. లోపల యాడా లేడు. ఈడున్నాడు."

సారు పుస్తకాన్ని జయలక్ష్మి వైపు జరిపారు.

"మీకు నిన్ననే తెలుసు."

"తెలుసు సార్."

"ఎందుకు చెప్పలేదు? సంచులు గెలిచిందురు గదా."

దానికి ఆమె దగ్గర జవాబు ఉంది. కానీ అది ఆయనకు చెప్పేది కాదు. "పదేండ్ల పిల్లోడు సార్. ఆకలన్నాడు, పెట్టినారు, తిన్నాడు. ఆరో ముద్ద చెయ్యమని చెప్పాల్సిన పెద్దోళ్లు ఇంట్లో నలుగురు ఉన్నారు" అంది.

"ఉన్నారు" అన్నారు సారు. "వాళ్లెవురూ నవల రాయలేదమ్మా. నేను రాసినా. రాసి, అట్ట మీద ఏసుకున్నా. ఊరూరా సభల్లో కండ్లు మూసుకోని చదివినా. అక్క నవ్వుతూ చూసేది అని."

బయట తక్కెడ పళ్లెం ఖణేల్మంది. దస్తగిరి గుమ్మంలోకి వచ్చి చెమట తుడుచుకున్నాడు.

"సార్, పేపర్లు అయిపోయినాయి. ఆ సంచులు గూడా ఎత్తుకోమంటారా?"

సారు ఆ మాట విన్నట్టు లేరు. జయలక్ష్మి వైపే చూస్తున్నారు.

"ఈ పుస్తకాల్లో... దొరికిపోయినోడు ఆ తర్వాత ఏం చేస్తాడమ్మా?"

ఆమె ఆలోచించింది. చదివినవన్నీ ఒకసారి మనసులో తిప్పి చూసింది. దొరకడం ఉంది. ఒప్పుకోవడం ఉంది. వర్షంలో జీపు వెళ్లిపోవడం ఉంది.

"పుస్తకం ఆడికే అయిపోతాది సార్."

"అన్నీనా?"

"నేను చదివినవన్నీ."

సారు తల ఊపారు. కుర్చీ వెనక్కి జరిపి లేచి, గోడ దగ్గరికి వెళ్లి, పంచె ఎగదీసుకుని మొదటి సంచి ముందు నేల మీదే చతికిలపడ్డారు. పురికొస ముడి గట్టిగా ఉంది. గోళ్లతో గిల్లుతూ, దస్తగిరి వైపు తిరక్కుండానే అన్నారు.

"నువ్వు పోప్పా. ఇవి ఇయ్యం."

ముడి ఊడింది. ఆయన ఒక్కొక్క పుస్తకమే తీసి, చివరి పేజీ తెరిచి, అద్దాలు పైకి నెట్టుకుని చదవడం మొదలుపెట్టారు.

"ఇన్ని రాసినారు గదా. ఆ తర్వాత సంగతి ఒక్కడన్నా రాయకుండా ఉంటాడా?"

మిస్టరీని చివరి పేజీ నుంచి చదవకూడదని చెప్పబోయి, జయలక్ష్మి ఊరుకుంది. రెండో సంచి దగ్గర కూర్చుని ముడి విప్పసాగింది.